ఓడలో చోటు

"ఈ నెల కూడా రావడం కుదరదని అమ్మకి నువ్వే చెప్పు. నువ్వైతే ఆవిడ నొచ్చుకోకుండా చెబుతావు," అని ఫోన్ చేతిలో పెట్టేసి మొగుడు స్నానానికి వెళ్లిపోయాడు. ఆమె కూర కలుపుతూనే చెప్పింది. "రేపో మాపో వస్తారత్తయ్యా, ఆయనకి మీమీదే బెంగ." పన్నెండేళ్లుగా ఇదే పని. ఈ కొంపలో ఏ చేదుమాటైనా ఆమె నోటికొచ్చి, చక్కెర పూసుకున్నాకే గడప దాటాలి. "మా కోడలిది వెన్నలాంటి నోరు," అని అత్తగారు పదిమందిలో అంటే మురిసిపోయిన రోజులూ ఉన్నాయి.

ఆ నోరే ఒక తోట పంటని ముంచింది.

ఆఫీసులోనూ ఆమెది మధ్యమనిషి పనే. సరుకు పంపేవాళ్లకి ఓడలో చోటు ఇప్పించాలి, కాగితాలు నడిపించాలి. పోయిన నెల ఒక సోమవారం ఓడ కంపెనీవాడు, "ఈ ఓడలో చోటు లేదు, తర్వాతది తొమ్మిది రోజులకి," అన్నాడు. బతిమాలితే ఇస్తాడులే అనుకుంది. ఎన్నిసార్లు ఇవ్వలేదు! మర్నాడు ద్రాక్షతోట ఆవిడ ఫోన్ చేసి, "కోత మొదలుపెట్టమంటావా అమ్మా?" అంటే, "పెట్టండక్కా, నేనున్నాగా," అంది. నోటికి అలవాటైన మాట. చోటు దొరకలేదు. కోసిన పళ్లు కంటైనర్లో, రేవులోనే తొమ్మిది రోజులు పడిగాపులు కాశాయి. అవతలి దేశంలో తలుపు తెరిచినవాళ్లు ముక్కు మూసుకుని, సరుకు వద్దన్నారు.

"ఓడవాళ్లు ఆఖరి నిమిషంలో ఎక్కించుకోలేదని చెప్పెయ్. మనం మధ్యవాళ్లం, మనకేం అంటుకోదు," అన్నాడు ఆఫీసు యజమాని. "నువ్వు చెబితే ఆవిడ నమ్ముతుంది."

నమ్ముతుందని ఆమెకీ తెలుసు. అందుకే సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఇంతలో ఆవిడే ఫోన్ చేసింది.

"తప్పు నాదేనేమోనమ్మా. పండు ముదరబెట్టి కోయించానేమో. మా ఆయన పొద్దున్నించీ ఒకటే దెప్పుతున్నాడు, ఆడదాని సేద్యం ఇలాగే ఏడుస్తుందని."

యజమాని ఎదురుగా నిలబడి, చెప్పెయ్ అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

"మీ తప్పు కాదక్కా. చోటు లేదని నాకు సోమవారమే తెలుసు. తెలిసే కోయమన్నాను."

యజమాని మొహం నల్లబడింది.

"అక్కా, మీవారు అక్కడే ఉన్నారా?"

"ఉన్నాడు."

"ఫోన్ స్పీకర్లో పెట్టండి. మళ్లీ మొదట్నించీ చెబుతాను."