గుడిదీర్ఘం

జూన్ తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం పది గంటలు. హాజరైనవారు: చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు గనుక ‘మైకు’ అనిపించుకున్న యువజన సంఘాధ్యక్షుడు, సైన్‌బోర్డుల పెయింటరైన అతని బాబాయి, ఎదురింటి దర్జీ, సంఘం కార్యదర్శి అయిన అమ్మాయి. రావలసినవారు: గది యజమానురాలైన, పదవీ విరమణ చేసిన తెలుగు టీచరమ్మ. చాటున అందరూ ఆవిడను ‘ఎర్రపెన్సిల్’ అంటారు. ఎదుట అనగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

వీళ్లు సమావేశమైన ఆ మేడమీది గదిని టీచరమ్మ సంఘానికి ఆరు నెలలకే ఇచ్చింది. “పని కనబడితే గది, కబుర్లే కనబడితే తాళం” అని అప్పుడే చెప్పింది. గడువు ఆ రోజుతో సరి. ఏడుగురికి ఒకే బల్ల ఉన్న ఇంట్లో పెరిగిన కార్యదర్శికి, మోచేతులు ఆన్చి నిమ్మళంగా రాసుకునే చోటు ఈ గదిలోని కిటికీ పక్కన ఒక్కటే.

సంఘం మొదటి ఐదు నెలలూ ఆశయాలు రాయడంతోనే గడిచిపోయాయి. మాటలు కోటలు దాటాయిగాని కాళ్లు గడప దాటలేదు. ఎట్టకేలకు పదకొండు ఆశయాలు తేలాయి. మొదటిది: ‘నిస్వార్థ సేవయే మా లక్ష్యం.’ శుద్ధప్రతి రాసింది కార్యదర్శి. ఆమె అక్షరాలు ముత్యాలే, కాని ప్రతి ముత్యానికీ ఒక తోక. మొట్టమొదటి గుడికి అలవాటు చొప్పున ఓ మెలిక తిప్పేసరికి అది కాస్తా గుడిదీర్ఘమై కూర్చుంది. బాబాయి దాన్ని ఉన్నదున్నట్టు బోర్డుకెక్కించాడు. అందానికని మధ్యలో కాస్త ఎడం కూడా వదిలాడు.

‘నీ స్వార్థ సేవయే మా లక్ష్యం.’

మర్నాడు పొద్దున్నే దర్జీ మెట్లెక్కి వచ్చాడు.

“నా స్వార్థం ఒకటుందమ్మాయ్. కుట్టుమిషను మేడమీదికి చేర్చాలి. మీ లక్ష్యం అదేనటగా!”

“అది రాతలో తప్పండీ,” అన్నాడు మైకు.

“తప్పయితే బోర్డు దించండి. ఉంచితే మిషను మొయ్యండి.”

మోశారు. ఆ వార్త వీధంతా పాకింది. చూపు ఆనని పెద్దాయనకు ఉత్తరాలు చదివిపెట్టారు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సు స్వార్థం మరీ విచిత్రమైనది: వీధిలోని పిల్లలందరినీ రోజూ రెండు గంటలు ఎటైనా తోలుకుపోవాలి. ఉపన్యాసాలకని దాచుకున్న మైకు గొంతు వాళ్ల వెనక పరుగెత్తి అరవడానికే చాల్లేదు.

నెల రోజులుగా చెల్లెలి ఇంట్లో ఉన్న టీచరమ్మ బోర్డును ఇంకా చూడలేదు. ఇప్పుడు కింద చెప్పుల చప్పుడు వినిపించింది. బోర్డు ముందు ఆగింది. ఎంతకీ కదలలేదు.

“ఆ తోక ఎవరిది?” అంటూనే టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

మైకు బాబాయి వైపు చూశాడు. బాబాయి పైకప్పు వైపు చూశాడు. “నాదేముందండీ? గుడి ఇస్తే గుడి, దీర్ఘం ఇస్తే దీర్ఘం.”

“నాదేనండీ,” అంది కార్యదర్శి.

“ఏడో తరగతిలోనే చెప్పాను కదే, తోకలు కోతులకుగాని అక్షరాలకు కాదని!”

“ఆ తోకే లేకపోతే నా మిషను ఇంకా కిందే ఉండేదండీ,” అని దర్జీ అడ్డుపడి, జరిగిన పనులన్నీ ఏకరువు పెట్టాడు.

టీచరమ్మ ఆశయపత్రం తెప్పించుకుని ఎర్రపెన్సిల్ తీసింది. “‘సమాజ పురోగతికై అహర్నిశలు’ ఏమిటిది? మరి నిద్రెప్పుడు పోతార్రా?” కొట్టేసింది. “‘కుల్మషరహిత’ అట! ముందు మాటలోని కల్మషం కడగండి.” అదీ పోయింది. అలా పది ఆశయాలు నేలరాలాయి. మొదటిదాని దగ్గర పెన్సిల్ తోక మీదికి వెళ్లి, కాసేపు తటపటాయించి, వెనక్కి వచ్చింది.

“ఇదొక్కటే మీరు చేసింది. ఉండనీ. అయితే నాకూ ఓ స్వార్థం ఉంది. ఆ కిటికీ దగ్గర ఇంకో కుర్చీ వెయ్యండి. దిద్దడానికి తప్పులు దొరక్క చేతులు దురదపెడుతున్నాయి.”

“మావాడి ఉపన్యాసాలున్నాయి, మీకు జీవితాంతం సరిపోతాయి,” అన్నాడు బాబాయి.

టీచరమ్మ కాగితం అడుగున ఒక ముక్క రాసి సంతకం చేసింది. కార్యదర్శి వంగి చదివింది. ‘ఈ గది మీది’ అనే ఉండాలి. కాని చివరి గుడికి చిన్న మెలిక తిరిగి ఉంది: ‘ఈ గది మీదీ.’

“టీచరమ్మగారూ, ఇక్కడ మీ గుడి...”

“ఏం? తప్పుందా?”

ఆవిడ అప్పటికే కిటికీ పక్కన కుర్చీకి చోటు కొలుస్తోంది.

“లేదండీ,” అంది కార్యదర్శి. పక్కనే తనూ సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల సొరుగులో దాచేసింది.