లోపలి గడియ

నేనొక వాకర్‌ని, నడవలేని పిల్లలు పట్టుకుని నడిచే ఇనప చట్రాన్ని. నన్ను నమ్మినవాళ్లు తక్కువ, నేను నమ్మినవాళ్లు అంతకంటే తక్కువ. వాకర్ అంటే మనిషికి ముందుండాలని అందరి లెక్క. నేను వెనక ఉండి, రెండు పక్కలా పిడులు అందించే రకం. గుంటూరులో ఒక షెడ్డులో నన్ను అతికించిన వెల్డరే, తిరగేసి అతికించానేమోనని ఆర్డరిచ్చినవాళ్లకు రెండోసారి ఫోన్ చేసి కనుక్కున్నాడు. పుట్టించినవాడికే అనుమానమైతే ఇక నాకు మనుషుల మీద నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది?

మొదటి ఇంట్లో నా మీద తువ్వాళ్లు ఆరేశారు. ఆ ఇంటి పిల్లవాడు పొడుగయ్యాక థెరపీ సెంటరుకు తిరిగిచ్చేశారు. అక్కడ కెజియా చేతికి వచ్చాను. పదకొండేళ్ల పిల్ల, సెరిబ్రల్ పాల్సీతో పుట్టింది. కాళ్లు బిగుసుకుపోతాయి, మాట కాస్త నెమ్మది, పట్టుదల మాత్రం గట్టిది. ఆ పిల్లకు ఒకటే కోరిక: బళ్లో బాత్రూముకు తనంతట తాను వెళ్లాలి. వాళ్లమ్మ సుగుణమ్మ ఇన్నేళ్లూ బడి వరండాలో కూర్చుని, అవసరమైనప్పుడల్లా ఎత్తుకుని తీసుకెళ్లేది. ఇప్పుడు పిల్లకు సిగ్గేస్తోంది. తోటి ఆడపిల్లలు చూస్తారని బళ్లో నీళ్లు తాగడమే మానేసింది.

సుగుణమ్మను నేను మొదటిరోజే అనుమానించాను. పిల్ల నన్ను పట్టుకోగానే ఆమె చెయ్యి పిల్ల చంక కిందికి చేరేది. బరువంతా ఆ చేతి మీదే. నేను ఊరికే వెంట తిరిగేదాన్ని. మా అమ్మాయి నడుస్తోందని మాత్రం వీధంతా చెప్పుకునేది.

థెరపిస్టు రహీమా మేడం మీద ఇంకా పెద్ద అనుమానం. సుగుణమ్మ వచ్చి కూర్చోగానే ఒళ్లో గోంగూర కట్ట పడేసి ఆకు తుంచమనేది. మర్నాడు చిక్కుడుకాయలు. వైద్యం పేరు చెప్పి వంటపని చేయించుకుంటోందని నేను ఖాయం చేసుకున్నాను.

ఒకరోజు కెజియా పడింది. సుగుణమ్మ లేవబోయింది.

"ఒళ్లో ఆకు కింద పడకూడదమ్మా," అంది మేడం కదలకుండా.

"పిల్ల పడింది మేడం."

"లేచుద్ది. మీ చేతులు ఖాళీగా ఉంటే అది వాటికోసమే చూసుద్ది."

కెజియా అమ్మ చేతులవైపే చూసింది. వాటినిండా ఆకు. ఉక్రోషంగా ఏడ్చింది. తర్వాత మోకాళ్ల మీదికి వచ్చి, నా పిడి అందుకుని, మేడం నేర్పినట్టే ఒక పాదం ముందు ఆనించి లేచింది. సుగుణమ్మ తుంచిన ఆకునే మళ్లీ మళ్లీ తుంచింది. అప్పుడు నాకు ఆమె మీద జాలేసింది.

మేడం బడికి వెళ్లి మాట్లాడి, బాత్రూము గోడలకు పట్టుకునే కడ్డీలు వేయించింది. సెంటర్లో అలాంటి కడ్డీల దగ్గరే కెజియా చేత నెలల తరబడి సాధన చేయించింది. అయినా ఆ కడ్డీల్ని నేను నమ్మలేదు.

ఒక సోమవారం ఇంటర్వెల్లో కెజియా నన్ను లాక్కుంటూ బాత్రూములోకి వెళ్లి తలుపు మూసింది. వేళ్లతో తంటాలు పడి లోపల గడియ వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల గడియ వేసుకోవడం అదే మొదలు.

"అయిందా తల్లీ?" బయటినుంచి సుగుణమ్మ.

"నువ్వు ఇంటికెళ్లమ్మా."

చెప్పుల చప్పుడు దూరమైంది. మలుపు దగ్గర నక్కి ఉంటుందనుకున్నాను. కెజియాకూ అదే అనుమానం. పని ముగించుకుని, చేతులు కడుక్కుని, తలుపు కొంచెం తీసి చూసింది. వరండాలో ఎవరూ లేరు.

కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తలుపు మూసి మళ్లీ గడియ వేసుకుంది. లోపల పనేమీ లేదు. నన్ను మినహాయిస్తే, గంట కొట్టేదాకా ఒక్కతే ఉంది.