రెండు రోజులకని కట్టిన తాడు

కంచరపాలెంలో రైలు పట్టాలను ఆనుకుని ఉన్న ఆ సందులోకి ఎవరొచ్చినా శ్రీరామ్మూర్తి ఇంటి ముందు తల వంచాల్సిందే. ఎదురుగా ఉన్న ఇనప కరెంటు స్తంభం నుంచి ఏటవాలుగా దిగి, అతని వరండా పిల్లరుకు చుట్టుకున్న ముంజేతి లావు తాడు ఒకటి సందుకు అడ్డంగా ఉంటుంది.

ఐదేళ్ల కిందట వాయుగుండం పట్టినప్పుడు, ఉప్పుగాలి మొదలు తినేసిన ఆ స్తంభం కరీం బాషా దర్జీ కొట్టు మీదకు ఒరిగింది. శ్రీరామ్మూర్తి అప్పటికింకా పోర్టులో క్రేను ఆపరేటరు. ఓడలవాళ్లు పారేసిన పాత తాడు తెచ్చి, స్తంభాన్ని తన ఇంటి పిల్లరుకు బిగించి కట్టి, కరెంటాఫీసుకు ఫోను చేశాడు. రెండు రోజుల్లో వస్తామన్నారు. రెండు రోజులకని కట్టిన తాడు అలాగే ఉండిపోయింది. అతను రిటైరయ్యాడు. స్తంభం మాత్రం డ్యూటీలోనే ఉంది.

సందుకు ఆ తాడు అలవాటైపోయింది. శ్రీరామ్మూర్తి భార్య గౌరీశ్వరి దాని మీద దుప్పట్లు ఆరేసేది. వినాయక చవితికి మామిడి తోరణాలు దానికే కట్టేవారు. పోస్టుమాన్ ఉత్తరాలు చూసుకుంటూనే, కళ్లెత్తకుండా, సరిగ్గా అక్కడికొచ్చేసరికి తల వంచేవాడు. అడ్రసు అడిగితే "తాడు కట్టినోరిల్లు" అని చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా శ్రీరామ్మూర్తికి లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ వేసవిలో మేడ మీది గదిలోకి నీలిమ అద్దెకొచ్చింది. పెందుర్తి అమ్మాయి, సీతమ్మధారలో ఒక క్లినిక్కులో నర్సు. మొదటి రోజే స్కూటీ మీద వస్తూ హెల్మెట్టు తాడుకు కొట్టుకుని కింద పడబోయింది.

"అంకుల్, ఈ తాడేంటండీ?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. శ్రీరామ్మూర్తి ఉత్సాహంగా కుర్చీ వేయించి, అది ఏ ఓడ తాడో, తను వేసిన ముడి ఎంత గట్టిదో అరగంట సేపు చెప్పాడు.

నీలిమ ఓపిగ్గా విని, "అది కాదంకుల్, స్తంభం ఎందుకు మార్చలేదూ అని" అంది.

"మారుత్తారమ్మా" అన్నాడు.

"మరి ఈ పిల్లరు పగిలింది చూశారా?"

చూశాడు. చూసే, దాని మీద పొడుగాటి క్యాలెండరు తగిలించాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచింది. గౌరీశ్వరి టీ అంటే లోపలికి వెళ్లిన శ్రీరామ్మూర్తికి వరండాలోంచి ఫెళ్లుమని చప్పుడు వినిపించింది. వచ్చి చూస్తే పిల్లరులోంచి ఇటికంత పెచ్చు ఊడి, అతను అప్పటిదాకా కూర్చున్న కుర్చీలో పడి ఉంది.

"ఓలమ్మో! ఇంకా నయం, బేగి లేసినావు" అని గౌరీశ్వరి గుండె మీద చెయ్యి వేసుకుంది.

అతను కుర్చీని చూడటం లేదు. స్తంభం ఇంకో మూరెడు ఒరిగి, కరీం బాషా కొట్టు రేకును తాకుతోంది. రేకు కింద ఆ మనిషి మెడలో టేపు వేసుకుని, పెళ్లివారి జాకెట్టేదో కుట్టుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

శ్రీరామ్మూర్తి గాలిలో పరుగెత్తి అతని చెయ్యి పట్టుకున్నాడు. "లెగు భాయ్, బయటికి రా! పైన సూడవేటి?"

"ఎందుకు బావా కంగారు? నువ్వు కట్టిన తాడుంది కదా."

ఆ మాట శ్రీరామ్మూర్తికి ఎక్కడో తగిలింది. ఐదేళ్లుగా ఈ మనిషి పొద్దున్నుంచి రాత్రిదాకా తన ముడిని నమ్ముకుని ఆ స్తంభం కింద మిషను తొక్కుతున్నాడు. కరీం బాషానూ మిషన్నూ తమ ఇంట్లోకి చేర్చేదాకా అతను ఊపిరి తీసుకోలేదు.

మర్నాడు నీలిమను తోడు తీసుకుని కరెంటాఫీసుకు వెళ్లాడు. అక్కడ కుర్రింజనీరు కంప్యూటరులో చాలాసేపు వెతికి, "మీ కంప్లయింటు ఉందండీ. ఐదేళ్ల కిందటే క్లోజయింది" అన్నాడు.

"క్లోజవడవేటి బాబూ? ఎవులూ రానే నేదు!"

"వచ్చార్సార్. 'స్తంభం స్థిరంగా ఉన్నది, చర్య అవసరం లేదు' అని రాశారు."

అప్పుడు గుర్తొచ్చింది. మూడో రోజున ఖాకీ చొక్కా మనిషొకడు వచ్చి, స్తంభాన్ని అటూ ఇటూ ఊపి, "బలే కట్టినారండీ" అన్నాడు. గౌరీశ్వరి అతనికి టీ కూడా ఇచ్చింది. ఆ మెచ్చుకోలు శ్రీరామ్మూర్తి పదిమందికి చెప్పుకున్నాడు కూడా.

అతను బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "బాబూ, అది నిలబడనేదు. నాను నిలబెట్టినాను. అది నా తప్పే అనుకోండి. కానీ దాని కింద ఒక మనిషున్నాడు. మీరొచ్చి సూడండి."

నీలిమ ఫోనులో ఫొటోలు చూపించింది. ఇంజనీరు వాటిని రెండుసార్లు చూసి, ఈసారి తనే లేచి బండి తీశాడు.

నాలుగో రోజున మనుషులొచ్చారు. కరెంటు తీసి, తీగలు విప్పేశారు. కానీ వాళ్ల క్రేను బండి సందు మొదట్లోనే ఇరుక్కుపోయింది. ఇంజనీరు తల గోక్కుంటుంటే కరీం బాషా, "ఫికర్ వద్దు సార్, మా బావ ఉన్నాడు" అన్నాడు.

శ్రీరామ్మూర్తి లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. ఇళ్లలోంచి అందరినీ సందు చివరికి పంపాడు. కరెంటు వాళ్లు ఎనిమిది మందికి తాడు పట్టించి, తన ముడిని తనే విప్పాడు. ఐదేళ్ల ఎండకీ వానకీ రాయిలా బిగిసిపోయిన ముడి అది. విప్పేసరికి గోళ్ల దగ్గర రక్తం వచ్చింది. వాళ్లు స్తంభం మొదలు కొట్టేశాక, పోర్టులో బరువు దించేటప్పుడు వేసే కేక వేశాడు.

"ఆరియా... ఆరియా... మెల్లగా... ఆరియా..."

కొట్టు రేకుకు గీత కూడా పడకుండా స్తంభం పసిబిడ్డలా నేల మీద పడుకుంది. లైన్‌మెన్లు చప్పట్లు కొట్టారు. గౌరీశ్వరి కొంగుతో అతని వేళ్లు తుడుస్తూ, "ఇంక దుప్పట్లెక్కడ ఆరేయాలో" అని గొణిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దుప్పట్ల కోసం కావు.

సాయంత్రానికి అదే తాడుతో లాగి కొత్త సిమెంటు స్తంభం నిలబెట్టారు. పోస్టుమాన్ మాత్రం వారం దాకా అక్కడికొచ్చి తల వంచుతూనే ఉన్నాడు.

స్తంభానికి పెట్టిన కొత్త వీధి దీపం మొదటి సాయంత్రమే వెలగలేదు. మర్నాడు పొద్దున్నే శ్రీరామ్మూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే కరీం బాషా మిషను ఆపాడు.

"ఎక్కడికి బావా?"

"కరెంటాఫీసుకి. దీపం ఎలగనేదు."

"అరె, నిన్ననే కదా పెట్టారు! నాలుగు రోజులు పోనీ."

"నాలుగు రోజులు పోతే అలవాటైపోద్ది భాయ్" అని శ్రీరామ్మూర్తి చెప్పులు వేసుకున్నాడు. "నువ్వూ రా. ఇద్దరం ఎల్దుం."

కరీం బాషా సూదిని జాకెట్టుకు గుచ్చి లేచాడు.