ముందుగది

గంగాధరం తెల్లవారకముందే అరుగు మీది చాప చుట్టి, దారం కట్టిన కళ్ళద్దాలు పెట్టుకుని, నడవాలో పడుకున్న యాత్రికుల కాళ్ళు తొక్కకుండా గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. ఇల్లు తనదే. ఐదు గదులూ తనవే. రేణిగుంట జంక్షన్లో ముప్పై ఏళ్ళు రైలు పట్టాల పాయింట్లు మార్చి కూడబెట్టిన ప్రావిడెంట్ ఫండూ, పెళ్ళాం ఆదిలక్ష్మమ్మ నగలూ పోసి కొండ కింద గోవిందరాజస్వామి గుడి వెనక కొన్నాడు. కొన్ననాటి నుంచి గదులు యాత్రికులవి, అరుగు అతనిది, వంటింట్లో పొయ్యికీ రోలుకీ నడుమ జాగా ఆదిలక్ష్మమ్మది. ఇంటి బయట పడుకునేవాడే ఇంటి యజమాని అని వీధివాళ్ళు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

ఈమధ్య నవ్వితే ఆయాసం వస్తోంది. పాదాలు పొంగి చెప్పులు పట్టడం లేదు. ఆ పొద్దున రెండు బిందెల వేణ్ణీళ్ళు మోసేసరికి గుండె దడదడలాడింది. అది ఆగిపోతుందేమోనన్న భయం కంటే, ఈ ఇంట్లో ఆగుతుందేమోనన్న భయం ఎక్కువైంది.

ఆ భయం పెట్టింది ఎదురింటి రామచంద్ర పంతులు. "రేపు సాయంత్రం ధనిష్ఠాపంచకం పడతాది గంగాధరం. ఐదు దినాలు. అప్పుడు ఎవరన్నా పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాల" అన్నాడు నిన్న, ఊరకే మాటల్లో. కొండకి మొక్కులు తీర్చే పెరటాసి నెల, శనివారాలకి అరవదేశమంతా కదిలి వస్తుంది. ఇప్పుడు ఇంటికి తాళం పడితే ముసలిది ఏం తిని బతకాలి? ఉన్నదంతా ఈ గోడల్లోనే పోశాడు. గోడలు కొరుక్కు తినలేరు కదా.

ఎనిమిదింటికి ముందుగది ఖాళీ అయింది. వీధివైపు పెద్ద కిటికీ ఉన్న గది. ఆదిలక్ష్మమ్మ ఊడ్చి, చాప పరిచింది.

"ఈపొద్దు ఇది ఎవురికీ ఇయ్యొద్దు. నువ్వు పండుకో."

"ఎల్లుండే శనివారం కదే."

"ఉండనీ. నీ ఇంట్లో నువ్వు ఒక్క పూట పండుకుంటే కొండేమీ కదిలిపోదు."

పడుకున్నాడు. కిటికీలోంచి చల్లటి గాలి ఒంటికి తగిలింది. ఇంత సుఖం నాలుగేళ్ళుగా తన ఇంట్లోనే ఉందా అని ప్రాణం ఉసూరుమంది. కన్ను మూతపడబోయింది. ఇంతలో వీధిలోంచి ఎవరో "గది ఉందా సామీ?" అన్నారు. ఆరణి నుంచి వచ్చిన సంసారం, తల్లి చంకలో పసిబిడ్డ. గంగాధరం గబగబా లేచి చాప దులిపాడు.

"రాండి, రాండి."

ఆదిలక్ష్మమ్మ వంటింటి గడపలో నిలబడి చూసింది.

మధ్యాహ్నం సంగటి సగంలో వదిలేసి లేచాడు. "వడమాలపేట పోతాండా. తమ్ముడు పెంచలయ్య మామిడితోపులో కాపలా గుడిసె ఖాళీగా ఉండాది. ఐదు దినాలు ఆడ గాలికి ఉంటా."

ఐదు దినాలనగానే ఆమెకు అర్థమైంది. పంతులు మాట ఆమె చెవినా పడింది.

"నేనూ వస్తా."

"గదులు ఎవురు సూస్తారు?"

నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఏ మాటకైనా అదే ఆఖరి మాట. ఆమె అతని పంచె మడిచి సంచిలో పెట్టింది.

శనివారం పొద్దున, ఇల్లంతా గోవిందలతో మోగుతుంటే, మరిది పెంచలయ్య వచ్చాడు. "నిద్రలోనే పోయినాడు వదినా" అన్నాడు. పంతులు పంచాంగం తిప్పి, దోషమంతా గుడిసెకే, దాన్ని పీకేస్తే సరి, ఈ ఇంటికేమీ లేదన్నాడు.

వడమాలపేటలో కర్మలన్నీ అయ్యాక ఆదిలక్ష్మమ్మ తిరిగొచ్చింది. ముందుగదిలోకి చీపురు తీసుకుని వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి తాళం వేసింది. సాయంత్రం యాత్రికులు వచ్చి అడిగారు.

"నాలుగు గదులుండాయి."

"ఆ ముందుది?"

"దానికి దోషముండాది నాయనా. ఆర్నెల్లు ఎవురికీ ఇయ్యను."

లోపల కిటికీ గూట్లో, ఆమె పెట్టిన, ఒక వైపు దారం కట్టిన గంగాధరం కళ్ళద్దాలు ఉన్నాయి.