ఎత్తిన చెయ్యి

మేజర్ డ్రెనన్ ప్రార్థన మందిరంలోని కీర్తనల పుస్తకాలను వాకిట్లో కుప్ప పోయించి నిప్పు పెట్టించాడు. అమెరికాలోని కరోలినా ఎగువ సీమలో అతని దండు అంతకుముందు చేలు తగలబెట్టింది, మగ్గాలు విరగ్గొట్టింది. పుస్తకాల జోలికి మాత్రం రాలేదు. పోనీ, డ్రెనన్ పరాయివాడా అంటే కాదు. ఈ మందిరంలోనే తల్లి ఒళ్లో కూర్చుని కీర్తనలు పాడినవాడు. ఇంగ్లండు రాజు భూములు రాసిస్తానన్నాక టోపీలో ఆ పక్షం గుర్తుగా పైన్ రెమ్మ గుచ్చుకుని, ఇరుగుపొరుగు కుర్రాళ్లతోనే రాజు తరఫున దండు కట్టాడు.

ఆ పొగలో జెన్నెట్ పిల్లను చంకనేసుకుని నిలబడింది. మగవాళ్ల వరసలో ఆమె భర్త రాబిన్ ఉన్నాడు. ప్రతివాడూ బైబిలు ముద్దు పెట్టుకుని రాజుకు ప్రమాణం చెయ్యాలి, తిరుగుబాటుదార్ల వేటకు కదలాలి. కాదన్నవాడికి ఉరితాడు. కొండల్లో వేటాడవలసిన వాళ్లలో రాబిన్ తమ్ముడు నైనియన్ ఉన్నాడు.

పుస్తకాన్ని ముద్దాడటం ఈ సంఘానికి విగ్రహానికి మొక్కడంతో సమానం. వీళ్లు దేవుడి ఎదుట కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తారు. అలా ఎత్తాక తల తెగినా మాట తప్పరు.

"ముద్దు పెట్టెయ్యవయ్యా," అంది జెన్నెట్ గుసగుసగా. "మన బాధ దేవుడికి తెలీదా? పిల్ల మొహం చూడు."

"పెడితే మాత్రం? రేపు నైనియన్ మీద తుపాకీ ఎత్తాలిగా," అన్నాడు రాబిన్.

మొదటి పిలుపు సంఘపెద్ద గావిన్‌కు. చిన్నప్పుడు డ్రెనన్‌కు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన పుస్తకం ముట్టలేదు.

"మీ అమ్మ బతికుంటే ఈ మంట చూసి ఏమనేదిరా?" అని మాత్రం అడిగాడు.

డ్రెనన్ మొహం మాడిపోయింది. ముసలాయన్ని గుర్రమెక్కించి చెట్టుకొమ్మకు కట్టిన తాడు మెడకు వేయించాడు. చంపేముందు ఆయన్ని నలుగురిలో ఒంటరిని చేసి చూపించాలనిపించింది కాబోలు, జనం వైపు తిరిగాడు.

"ఈయన పక్షాన ఉన్నవాళ్లెవరో చెయ్యెత్తండి. తాళ్లకేం కొదవలేదు."

చెయ్యెత్తడమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. భయంతో చచ్చిపోతున్న ఈ మంద అంతకు తెగించదని అతని ధీమా.

భయపడనివాళ్లే తిరగబడతారని చెబుతుంటారు. వట్టి అబద్ధం. జెన్నెట్ అందరికన్నా ఎక్కువ భయపడుతోంది. ఇవాళ పెద్దాయన, కాదంటే రాబిన్, అవునంటే నైనియన్. ఎటు చూసినా తాడు తన ఇంటికే వస్తోంది. ఆమె కుడిచెయ్యి లేచింది. వెనకనుంచి ఎవరో "పిచ్చిదానా, దించు" అని భుజం లాగారు. దించలేదు. పక్కన రాబిన్ చెయ్యి లేచింది. తర్వాత కమ్మరిది, మంత్రసానిది. భుజం లాగిన ఆవిడదీ లేచింది. డ్రెనన్ సిపాయిలను చూశాడు. వాళ్లు తలలు వంచుకున్నారు, ఎత్తిన చేతుల్లో వాళ్ల తల్లులవీ ఉన్నాయి.

డ్రెనన్ తనే గుర్రాన్ని చరిచాడు. అది ముందుకు దూకింది. గావిన్ గాలిలో వేలాడాడు. అప్పుడు కూడా ఒక్క చెయ్యీ దిగలేదు. తుపాకులు ఎక్కుపెట్టమని డ్రెనన్ అరిచాడు. ఎవరూ ఎక్కుపెట్టలేదు. రెండోసారి అరవకుండా తన గుర్రమెక్కాడు. అతని వెంట వెళ్లినవాళ్లు వచ్చినవాళ్లలో సగం కూడా లేరు.

"ఇక దించవే," అన్నాడు రాబిన్.

"భయమేస్తోందయ్యా."

"నాకూ."

పెద్దాయన్ని మందిరం పక్కనే పాతిపెట్టారు. చెయ్యెత్తినవాళ్లెవరూ ఇళ్లకు పోలేదు, నైనియన్ వాళ్లున్న కొండదారి పట్టారు. జెన్నెట్ దారి పొడుగునా వణుకుతూనే నడిచింది.