ఇరవై లెక్కపెట్టే చెయ్యి

పదకొండు దగ్గర భీమశంకరం చెయ్యి లాగేసుకున్నాడు.

లాగేసుకున్న చేతిని వంటింటి కిటికీ వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు కొసలు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. గ్లవ్ తొడుక్కుని, ఆ చేతిని చంకలో ఇరికించుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. మంకీ క్యాప్, దాని మీద మఫ్లరు, కళ్ళజోడు జారిపోకుండా నల్ల తాడు, కోటు గుండీలు ఒకటి తప్పితే ఒకటి పట్టనివ్వని పొట్ట. యాభై తొమ్మిదేళ్ళ మనిషి తెల్లారి ఆరింటికి మంచులో ఇనప రెయిలింగ్ పట్టుకుని అంకెలు లెక్కపెడుతుంటే పక్కింటివాళ్ళు మొదట్లో భయపడ్డారు. తరవాత అలవాటు పడ్డారు.

పద్ధతి ఇదీ. ప్రతి శనివారం పొద్దున ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్, మీదికి రావాలి, గ్లవ్ తీసి ఎడమ చేత్తో రెయిలింగ్ పట్టుకుని ఒకటి నుంచి లెక్కపెట్టాలి. ఇరవై దాకా ఓర్చుకోగలిగితే ఆ రోజు సైకిళ్ళు బయటికి తీయొచ్చు. పదిహేను దాటి ఆగితే ఇంకో జత మేజోళ్ళు తొడుక్కుని తీయొచ్చు. పదిహేను లోపే అయితే తీయకూడదు, అంతే. స్తంభానికి గుండ్రటి థర్మామీటరు ఒకటి ఉంది. ఇవాళ దాని ముల్లు ఆరు మీద వణుకుతోంది, ఫారన్‌హీట్ ఆరు, మన లెక్కలో సున్నాకు పద్నాలుగు డిగ్రీలు కింద. అది నలుగురికీ చెప్పడానికి పనికొచ్చే లెక్క. ఆయన నమ్మేది చేతినే.

ఆ చేతికి ఈ విద్య ఊరికే రాలేదు. ఇరవై మూడేళ్ళ కిందట అమెరికాలో ఈ అరోరాకు వచ్చిన మొదటి చలికాలంలో, ఇంకా డ్రైవింగ్ లైసెన్సు చేతికి రాని రోజుల్లో, ఎవరో ఇంటి ముందు పాత సామాను అమ్మిన గరాజ్ సేల్‌లో దొరికిన సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళేవాడు. విజయవాడలో కొన్న ఉన్ని గ్లవ్స్ ఇలినాయ్ జనవరికి ఏం సరిపోతాయి? ఒక రోజు ఆఫీసు చేరేసరికి రెండు వేళ్ళు ఆయనవి కాకుండా పోయాయి. డాక్టరు వేళ్ళు మిగిల్చాడు గానీ వాటికి వేడి తెలియడం మానేసింది. చలి మాత్రం అందరికంటే ముందు వాటికే తెలుస్తుంది.

ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రతి నెలా కొత్త ప్రోగ్రాము బయటికి వదిలే ముందు ఒక కాల్ ఉంటుంది. ఒక్కొక్క టీముని పేరు పెట్టి అడుగుతారు. వదలొచ్చంటే ‘గో’ అనాలి, వద్దంటే ‘నో గో’ అనాలి. ఆ కాల్‌లో భీమశంకరం ఇరవై ఏళ్ళుగా మ్యూట్‌లో ఉన్నాడు. ఒకే ఒక్కసారి, టీము లీడు సెలవు మీద ఉన్నప్పుడు, నోరు తెరిచి ‘నో గో’ అన్నాడు. ఆయన మాట పక్కనపెట్టి వదిలారు. రెండు రోజుల్లో అది కుప్పకూలింది. ఆయన చెప్పిందే నిజమని అందరికీ తెలిసిపోయింది, ఆ నెలాఖరుకల్లా ఆయన్ని వేరే టీముకు మార్చేశారు. ముందే నిజం చెప్పినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని పనిచెయ్యడం ఎవరికైనా కష్టమే కదా.

అందుకే ఊళ్ళో రఘు అనే కుర్రాడు ఒకరోజు గుళ్ళో ప్రసాదాల వరసలో నిలబడి, “అంకుల్, మా సైకిల్ గ్రూప్‌లోకి రండి. చలి సంగతి మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదు. ప్రతి శనివారం గో, నో గో మీరే చెప్పండి,” అన్నప్పుడు భీమశంకరానికి పులిహోర రుచి కూడా తెలియలేదు. ఇంటికెళ్ళి భార్య కామేశ్వరికి ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ఏడేళ్ళయింది. ఏడుగురు మనుషులు ఆయన వేళ్ళు ఏమంటే అది వినేవాళ్ళు. ఆయన జీవితంలో ఎవరైనా ఆయన మాట కోసం ఎదురుచూసిన సందర్భం అదొక్కటే.

పాపం, అది కూడా రెండు నెలల కిందటే అయిపోయిందని ఆయనకు తెలియదు.

నవంబరులో వరసగా నాలుగు వారాలు ఆయన ‘నో గో’ అన్నాడు. కుర్రాళ్ళకు విసుగు పుట్టింది. ముఖం మీద చెప్పొచ్చు. కానీ మనవాళ్ళకు మొహమాటం ఎక్కువ, పెద్దాయన కదా అని ఆగారు. ఆగి, ఆయన లేకుండా ఇంకో వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పాత దాని పేరు ‘అరోరా పెడల్స్’, కొత్త దాని పేరు ‘అరోరా పెడల్స్ 2’. బుర్రకు అంతకంటే శ్రమ ఇవ్వలేదు. చలికాలమంతా రఘు బేస్‌మెంట్‌లో సైకిళ్ళను స్టాండ్లకు బిగించి, పెద్ద టీవీలో ఎండ కాసే రోడ్లు చూస్తూ కూర్చున్నచోటే తొక్కుతారు. పెద్దాయన మనసు కష్టపెట్టకూడదని పాత గ్రూపును అలాగే ఉంచారు. అందులో ఆయన శనివారం శనివారం పెట్టే మెసేజ్ కింద బొటనవేలి బొమ్మ పెట్టడానికి వంతులు వేసుకున్నారు. “ఈ వారం వాతావరణ శాఖకి థంబ్స్ అప్ ఎవరిది బ్రో?” అని శుక్రవారం కొత్త గ్రూపులో అడిగేవాళ్ళు. నవ్వుకునేవాళ్ళు. పిల్లికి చెలగాటం అంటారే, అదే.

భీమశంకరం డెక్ మీంచి లోపలికి వచ్చేసరికి కామేశ్వరి యూనిఫారమ్‌లో నిలబడే కాఫీ తాగుతోంది. ఫార్మసీలో ఆమెకు శనివారం షిఫ్టు.

“ఎంత దాకా వచ్చింది?” అంది.

“పదకొండు.”

“మరింకేం, వద్దని పెట్టెయ్యండి. ఎలాగూ అదేగా పెడతారు.”

ఆమె ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కానీ మొన్న గురువారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే గ్రూపులోని అవినాష్ కూడా అలాంటి మాటే అన్నాడు. “అంకుల్, మీరున్నంత కాలం మా సైకిళ్ళకి తుప్పే!” పక్కనున్న రఘు నవ్వాడు. భీమశంకరం కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక ఆ బెండకాయల్లో సగం ముదురువని కామేశ్వరి పారేసింది. ఏరినవాడికి ఆ రోజు చూపు బెండకాయల మీద లేదు.

కామేశ్వరి కారు వీధి మలుపు తిరిగాక ఆయన ఫోను తీశాడు. ‘నో’ అని కొట్టాడు. చెరిపేశాడు. చంకలో పెట్టుకున్నా ఇంకా తెల్లగానే ఉన్న వేళ్ళను ఒకసారి చూశాడు. ఏడేళ్ళలో మొదటిసారి వాటి మాట కాదన్నాడు.

“గో. ఏడున్నరకి ట్రెయిల్ షెల్టర్ దగ్గర. అల్లం టీ నేను తెస్తా,” అని పెట్టాడు.

నిమిషంలో బొటనవేలు వచ్చింది. ఆ వారం వంతు సాయి తేజది. దుప్పట్లోంచి ఒక కన్ను మాత్రం తెరిచి, చదవకుండానే నొక్కేసి మళ్ళీ పడుకున్నాడు. ఇంకో నిమిషానికి రెండో బొటనవేలు వచ్చింది. అది అవినాష్‌ది. వంతు తనదేమో అని పొరపాటుపడ్డాడు.

రెండు! ఈ మధ్య ఎప్పుడూ ఒకటి దాటలేదు. ‘గో అంటే చాలు, ఎంత సంబరమో వెధవలకి’ అనుకున్నాడు భీమశంకరం. ఆయన ముఖం వెలిగిపోయింది. అల్లం దంచాడు, ఎనిమిది మందికి సరిపడా టీ కాచాడు, పెద్ద స్టీలు ఫ్లాస్కులో పోశాడు. అలమరలోంచి తల్లి సుబ్బులు పేరు చెక్కిన ఎనిమిది స్టీలు గ్లాసులు తీసి తువ్వాల్లో చుట్టాడు. కాగితం కప్పులు గాలికి ఎగిరిపోతాయి. రెండేళ్ళ కిందట గుండెలో స్టెంట్ వేసిన డాక్టరు చలిలో ఆయాసపడొద్దన్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

నది వెంట సైకిళ్ళ దారిలో ఉన్న ఆ షెల్టరు ఇంటి నుంచి నాలుగు మైళ్ళు. గాలి ఎదురు. ఫాక్స్ నది అంచులు గడ్డకట్టి, నడుమ మాత్రం నల్లగా పారుతోంది. కళ్ళలో నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే రెప్పల మీద గడ్డకడుతున్నాయి. ఎప్పుడూ పాతిక నిమిషాలు పట్టే దారికి నలభై పట్టింది. దిగేసరికి మోకాళ్ళు వంగడం లేదు. అయినా ఏడుంబావుకే చేరాడు. గ్రూపు నియమాలు రాసింది ఆయనే. వాటిలో మొదటిది: పిలిచినవాడు అందరికంటే ముందు రావాలి, అందరికంటే వెనక పోవాలి.

షెల్టరంటే నాలుగు స్తంభాల మీద ఒక కప్పు, ఒక బల్ల, ఇనప చేతులున్న ఒక బెంచీ. బల్ల మీద ఎనిమిది గ్లాసులూ వరసగా పెట్టాడు. వాటి పక్కన ఫ్లాస్కు పెట్టాడు.

ఏడున్నరయింది. ఎవరూ రాలేదు. మంచులో మెల్లిగా వస్తున్నారనుకున్నాడు. ముప్పావు అయింది. ఫోను తీస్తే చలికి అప్పటికే చచ్చిపోయింది, నల్లటి అద్దంలో తన మంకీ క్యాప్ కనపడింది. ఎనిమిదయింది. అప్పుడు మొదటిసారి భయం వేసింది. తన గురించి కాదు. పదకొండుకే లాగేసుకున్న చెయ్యి, దాన్ని కాదని గో అన్నాడు. ఆ మాట నమ్మి బయల్దేరిన పిల్లలు ఎక్కడైనా జారిపడ్డారేమో! సాయి తేజకు మంచి గ్లవ్స్ కూడా లేవు. వాళ్ళలో ఎవడైనా వేళ్ళు పోగొట్టుకుంటే, వద్దని పెట్టమన్న కామేశ్వరి ముఖమైనా ఎలా చూడటం?

వెనక్కి వెళ్ళిపోదామా అని సైకిలు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాడు. తాను అటు వెళ్ళగానే ఎవడైనా ఇటు వచ్చి, గడ్డకట్టిన చేతులతో ఇక్కడ ఒంటరిగా నిలబడితే? రెండుసార్లూ తిరిగొచ్చాడు.

దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎదురుగా ఫ్లాస్కు ఉంది. ఒక్క గుక్క తాగితే ఏమవుతుంది? ఏమీ అవదు. కానీ నలుగురిని పిలిచి తానే ముందు తాగిన ఇల్లు కాదు వాళ్ళది. సుబ్బులు గారు వచ్చినవాళ్ళందరికీ పెట్టాక, అడుగున మిగిలితే తాగేది. ఆయన ఫ్లాస్కు మూత ముట్టుకోలేదు.

ఎనిమిదిన్నర దాటాక ఎడమ చెయ్యి భుజం దాకా లాగడం మొదలుపెట్టింది. చలే అనుకున్నాడు. ఆ చేతికి ఏమైనా చలే కారణమని ఇరవై మూడేళ్ళ అలవాటు. బెంచీ మీద కూర్చుని గ్లవ్ తీశాడు. బెంచీ ఇనప చెయ్యిని పట్టుకున్నాడు. ఇరవై లెక్కపెడదాం, ఆలోపు ఎవరూ రాకపోతే వెళ్ళిపోదాం అనుకున్నాడు. ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

ఎంత దాకా వచ్చాడో ఎవరికీ తెలియదు.

తొమ్మిదిన్నరకు రఘు బేస్‌మెంట్‌లో చెమట తుడుచుకుంటూ సాయి తేజ ఫోను చూశాడు. “అరే, ఇవాళ అంకుల్ గో అన్నాడు రా!”

ఏడుగురూ పగలబడి నవ్వారు. “నిజంగా వెళ్ళాడంటావా?” అన్నాడు అవినాష్.

“ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఒకసారి డ్రైవ్ చేసి చూసొద్దామా బ్రో?” అన్నాడు సాయి తేజ, ఆయన నంబరు కొట్టి చూసి.

“ఈపాటికి ఇంటికెళ్ళి పడుకునుంటాడులే,” అన్నాడు రఘు. “పెసరట్లు చల్లారిపోతున్నాయి, రండి.”

కుక్కను తిప్పడానికి వచ్చిన ఒక ముసలావిడ పదింటికి ఆయన్ని చూసింది. కూర్చునే ఉన్నాడు. తల స్తంభానికి ఆనింది. పట్టుకున్న చెయ్యి ఇనుము వదల్లేదని, అంబులెన్సువాళ్ళు గోరువెచ్చని నీళ్ళు పోసి తీశారని తరవాత చెప్పారు. ఆస్పత్రిలో గుండె ఆగిందని రాశారు.

మధ్యాహ్నానికి కబురు కొత్త గ్రూపుకు చేరింది. ముందుగా అవినాష్ రాశాడు: “పాత గ్రూప్‌లో మన థంబ్స్ ఉన్నాయి.” సాయి తేజ పాత గ్రూపు తెరిచి తన బొటనవేలు తీసేశాడు. అవినాష్ కూడా తీసేశాడు.

నాలుగింటికి రఘు, అవినాష్, సాయి తేజ ముగ్గురూ భీమశంకరం ఇంటికి వెళ్ళారు. కామేశ్వరి ఇంకా యూనిఫారమ్‌లోనే ఉంది. పోలీసులు ఇచ్చిన సంచీ బల్ల మీద ఉంది. పక్కన ఆయన ఫోను ఛార్జింగ్‌లో ఉంది. ఆమె దాన్ని రఘు వైపు తిప్పింది.

“వద్దని పెడతారనుకున్నాను. గో అని పెట్టారు. మీలో ఎవరైనా వస్తామన్నారా రఘూ?”

రఘు మిగతా ఇద్దరి వైపు చూడలేదు. “లేదాంటీ. ఆ మెసేజ్ మేమెవరమూ చూడనే లేదు.”

కామేశ్వరి తెర మీద వేలితో కిందికీ పైకీ జరిపి చూసింది. గో అన్న మెసేజ్ కింద ఖాళీ.

“అదే అనుకున్నాను,” అంది. “ఎవరూ అడక్కపోయినా పెద్దరికం మీదేసుకోవడం ఆయనకి అలవాటు. అక్కడికీ నేను పొద్దున చెప్పాను, వినలేదు.” ఆమె గొంతులో దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది. ఇక బతికినంత కాలం ఆయన మీద ఆమెకు ఆ కోపం ఉంటుంది. దాన్ని తీర్చగలిగిన ముగ్గురూ నేల చూస్తూ నిలబడ్డారు.

ఏదో ఒక పని కావాలన్నట్టు ఆమె సంచీలోంచి గ్లాసులు తీసింది. ఫ్లాస్కు తీస్తే బరువుగా ఉంది. మూత తిప్పింది. గదంతా అల్లం వాసన వచ్చింది. ఒక గ్లాసులోకి వంచింది, ఆగింది, తరవాత ఇంకో రెండింటిలోకి వంచింది.

“తాగండి. మీకోసమే కాచినట్టున్నారు.”

ఎవరూ చెయ్యి చాపలేదు. సుబ్బులు పేరున్న మూడు గ్లాసుల్లోంచీ, మూత తీసిన ఫ్లాస్కులోంచీ ఆవిరి ఇంకా పైకి లేస్తూనే ఉంది.