ఊట కాలువ ముళ్లపొద

పార్కు వెనక ఊట కాలువ గట్టున అడవి పండ్ల ముళ్లపొదలున్నాయని కనిపెట్టింది ఆమే. మొక్కల సర్వే ఆమె ఉద్యోగం. కాండం మీద బూడిద పూసినట్టు తెల్లటి పొడి, వేలితో తుడిస్తే అడుగున ఊదారంగు. ఆకు తిప్పితే వెనక తెల్లగా, నూగుగా ఉంటుంది. పండు కోస్తే మధ్య బొడిపె కొమ్మకే ఉండిపోయి, పండు మాత్రం బోలుగా, చిన్న టోపీలా ఊడి వస్తుంది. ఇక్కడి నేలలో తనంతట తాను పుట్టిన ఆ మొక్క సగం నీడ, ఆరని చెమ్మ ఉన్నచోటే బతుకుతుందని, పొదలనే కాదు కాలువనూ ముట్టుకోవద్దని ఆమె పార్కు ఆఫీసుకు రాసిచ్చింది.

పార్కు అధికారి స్వయానా ఆమె అక్క మొగుడు. ఇంట్లో బావ, ఆఫీసులో సార్.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి చూస్తే సగం కాలువ కంకరతో పూడ్చేసి నడకదారి వేశారు. గట్టున నాలుగు పొదలు తప్ప అన్నీ పెళ్లగించేశారు. గేటు పక్కన ఎండకు బీటలువారిన మట్టిదిబ్బ మీద నర్సరీ మొక్కలు వరసగా నిలబెట్టి, మెరిసే బోర్డు పెట్టారు. 'ఈ నేల అడవి పండు' అని పెద్దక్షరాలు. గుర్తించినవారంటూ కింద ఆమె పేరు.

ఆమె ఒక ఆకు తిప్పింది. వెనక కూడా పచ్చగానే ఉంది. పండు కోస్తే బొడిపెతో సహా చేతికొచ్చింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తిన్నగా అధికారి గదిలోకి వెళ్లింది. ఆయన తాపీగా కుర్చీ చూపించాడు. జనం బురదలో దిగి పండ్లు చూడరని, ముళ్లపొద ఏదైనా ముళ్లపొదేనని, ఆకులు తిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదని నచ్చజెప్పాడు.

"నాకుంది. అందుకేగా జీతమిస్తున్నారు," అందామె. "మొక్క వేరు, చోటు వేరు. పేరొక్కటే నాది. తీయించండి సార్."

"మరదలివి కాబట్టి ఊరుకుంటున్నా."

"మరదల్ని కాబట్టే లోపలికొచ్చి చెప్పాను బావా. లేకపోతే గేటు దగ్గరే అందరి ముందూ చెప్పేదాన్ని."

ఆయన ఫోను తీసుకుని వేరే ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె బయటికొచ్చి, తోటమాలి దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, నడిచేవాళ్లందరూ చూస్తుండగా బోర్డు ఊడదీసింది. ఎందుకని అడిగినవాళ్లకు కాలువ చూపించి, మిగిలిన నాలుగు పొదల ఆకులు తిప్పించి మరీ చెప్పింది. వాళ్లలో కొందరు ఆ సాయంత్రమే పని ఆపమంటూ ఆఫీసు గుమ్మం దగ్గర చేరారు.

కంకర పని ఆగింది. పూడ్చిన సగం మాత్రం తవ్వలేదు. బావ ఆమెతో మాటలు మానేశాడు. అక్క ఫోన్ చేసి, కాస్త నెమ్మదిగా చెప్పి ఉండొచ్చుగా అని నొచ్చుకుంది.

"నెమ్మదిగానే రాసిచ్చానక్కా," అంది ఆమె. "చదవలేదు."